క్రౌన్-పినియన్ మార్చితే పికప్ పెరుగుతుందా? ఎక్కడ పెరుగుతుందో ముందు లెక్క వేసుకోండి

మీరు అడిగింది తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా రాస్తున్నా. మీది హనుమకొండ. వెనక చక్రాలకే డ్రైవు ఉన్న పాత టర్బో డీజిల్ జీపు, ఐదు గేర్లు. కంపెనీ ఇచ్చిన 215/75 ఆర్15 టైర్లు అరిగిపోయాక, చూడ్డానికి నిండుగా ఉంటుందని 235/75 ఆర్15 వేయించారు. అప్పటి నుంచి బండి మొద్దుబారింది. ఏటూరునాగారం దగ్గరి చేనుకు ఎరువు బస్తాలు వేసుకుని పోతుంటే తాడ్వాయి అడవి ఎత్తుల మీద మూడో గేరులో లాగదు, రెండో గేరులో వేస్తే మొత్తుకుంటది. మేస్త్రి హౌసింగ్ (వెనక యాక్సిల్ నడుమ ఉండే డిఫరెన్షియల్ డబ్బా) విప్పి పళ్లు లెక్కపెట్టాడు: క్రౌన్, అంటే చక్రాలను తిప్పే పెద్ద పళ్ల చక్రం, 41; పినియన్, అంటే దాన్ని తిప్పే చిన్నది, 11. దాన్ని తీసి 41/10 వేస్తే పికప్ అదిరిపోతుందన్నాడు. ఇంకో షెడ్డులో 41/9 వేయమన్నారు. అప్పుడప్పుడు హైదరాబాద్ కూడా పోయివస్తుంటారు. పికప్ ఎంత పెరుగుతుంది, మైలేజీ ఎంత పోతుంది, మీటరు తప్పుతుందా, ఆర్టీఓతో గొడవ ఉంటుందా అని అడిగారు.

నా మాట ముందే చెప్తా. 41/9 వద్దు. ఈ టైర్లే ఉంచుకుంటానంటే 41/10 మంచి పనే, కానీ సెట్టింగ్ తెలిసిన చేతికే ఇవ్వండి. టైర్లు మార్చే టైము దగ్గరపడి ఉంటే మాత్రం హౌసింగ్ ముట్టుకోకండి. 215కు తిరిగి రండి, మీ రోగంలో దాదాపు సగం అక్కడే పోతుంది.

ఎందుకంటే మీ బండి రేషియో ఇప్పటికే ఒకసారి మారింది. మార్చింది టైర్లవాడు, మీకు చెప్పలేదంతే. 215/75 ఆర్15 టైరు నిలువు కొలత దాదాపు 703 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.21 మీటర్లు. 235/75 ఆర్15 నిలువు 733 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.30 మీటర్లు. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే బండి ఇదివరకటి కంటే 4.3 శాతం ఎక్కువ దూరం పోతుంది. వినడానికి లాభంలాగే ఉంటుంది, కానీ ఇంజన్ మీద పడే బరువు కూడా అంతే పెరుగుతుంది. 41ని 11తో భాగిస్తే 3.73, రేషియో అంటే ఇదే: చక్రం ఒక్కసారి తిరగడానికి పినియన్ ఇన్నిసార్లు తిరగాలి. పెద్ద టైరు వేశాక మీరు నడుపుతున్నది అసలుకు 3.57 రేషియో బండి. పాత పికప్‌ను ఉన్నదున్నట్టు తెచ్చుకోవాలంటే 3.89 చాలు, దానికి దగ్గరి సెట్టు 43/11, అంటే 3.91. మేస్త్రి చెప్పిన 41/10 అంటే 4.10. అది పోయినదాన్ని తెచ్చి, పైన ఇంకో అయిదున్నర శాతం ఇస్తుంది. ఇప్పుడున్న స్థితితో పోలిస్తే మొత్తం 10 శాతం. 41/9 అంటే 4.56. ఇప్పటితో పోలిస్తే 22 శాతం.

శాతాలు చూసి మురిసిపోవద్దు. క్రౌన్-పినియన్ ఇంజన్‌కు ఒక్క హార్స్‌పవర్ కూడా కలపదు. పొడుగు గడ్డపార పెట్టి బండరాయి లేపినట్టే ఇది: రాయి తేలిగ్గా లేస్తుంది, కానీ అవతలి కొసను ఎక్కువ దూరం తొక్కాలి. ఇక్కడ తొక్కేది ఇంజన్. చక్రం దగ్గర తోపు 10 శాతం పెరిగిందంటే, అదే వేగానికి ఇంజన్ 10 శాతం ఎక్కువ రౌండ్లు తిరుగుతోందని అర్థం.

ఇంకొంచెం లోతుకు పోదాం, అందరూ బోల్తా పడేది ఇక్కడే. మీ గేర్‌బాక్సు పుస్తకం నా దగ్గర లేదు కాబట్టి లెక్క కోసం మొదటి గేరు 3.8, రెండోది 2.1, మూడోది 1.4, నాలుగోది 1, ఐదోది 0.85 అనుకుందాం. ఇంజన్‌ను నిమిషానికి 4,000 రౌండ్ల దాకా లాగొచ్చు అనుకుందాం. ఇప్పుడు మీ రెండో గేరు గంటకు 70 కిలోమీటర్ల దాకా పోతుంది. 41/10 వేశాక 64 దగ్గరే అయిపోతుంది, మూడో గేరు వేయక తప్పదు. ఆ 64కూ 70కీ మధ్య ఏమవుతుందో చూడండి. పాత బండి ఇంకా రెండో గేరులోనే ఉంది: 2.1ని 3.73తో గుణిస్తే 7.8. కొత్త బండి మూడోకు పోయింది: 1.4ని 4.10తో గుణిస్తే 5.7. అంటే ఆ కాస్త మేర పాత రేషియో బండే ఎక్కువ బలంగా లాగుతుంది. ప్రతి గేరు చివరా ఇదే కథ. సున్నా నుంచి వంద ఎన్ని సెకన్లలో అని గడియారం పట్టి చూసేవాళ్లకు క్రౌన్ మార్చాక నిరాశ ఎదురయ్యేది అందుకే. సిగ్నల్ దగ్గర బండి ఎగిరి దూకుతుంది, నడుమ గేర్లు మార్చడంలో ఆ లాభం సగం కరిగిపోతుంది.

మరి నేను 41/10 మంచిదని ఎందుకన్నాను? మీ అవసరం గడియారం కాదు, తాడ్వాయి ఎత్తు. అక్కడి లెక్క వేరు.

ములుగు దాటి పస్రా నుంచి తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం పోయే అడవి దారిలో, బస్తాల బరువుతో మీరు పోయేది 40 దగ్గర అనుకోండి. 40లో, ఇప్పుడు మూడో గేరులో ఇంజన్ దాదాపు 1,510 రౌండ్లు తిరుగుతోంది. రెండోలో వేస్తే 2,265. చాలా టర్బో డీజిళ్లకు 1,500 అంటే నిద్ర లేచీ లేవని సమయం. టర్బో గాలి నిండదు, యాక్సిలరేటర్ తొక్కితే పొగ వస్తుంది తప్ప బండి కదలదు. రెండోలో వేస్తే బలం వస్తుంది కానీ అరుపు వస్తుంది, మీరు రాసింది సరిగ్గా అదే. 41/10 వేస్తే 40లో మూడో గేరు 1,660కి చేరుతుంది. టర్బో మేలుకునే దగ్గర ఆ 150 రౌండ్లకు చాలా విలువ. అక్కడ మీకు దొరికేది లెక్కలోని 10 శాతం కంటే ఎక్కువ, ఎందుకంటే గుణకం పెరగడమే కాక ఇంజన్ కూడా తన బలమున్న చోటికి వచ్చింది. ఇంకో మాట, పెద్ద టైరు పుణ్యమా అని మీరు పోగొట్టుకున్నది కూడా సరిగ్గా ఈ చోటే. 215 టైరుతో అదే 40లో మూడో గేరు 1,570 దగ్గర ఉండేది. జాతర రోజుల్లో మేడారం దారిలో వరుసలో ఇరుక్కుని మొదటి గేరులో పాకేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది. క్లచ్‌ను సగం తొక్కిపట్టి నెట్టుకురావడం తగ్గుతుంది, క్లచ్ ప్లేటు నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుంది.

41/9 వేస్తే మూడో గేరు 40లో 1,850 దగ్గర ఉంటుంది. అడవిలో అది ఇంకా బాగుంటుంది, అబద్ధం చెప్పను. కానీ మీరు హైదరాబాద్ కూడా పోతారు. జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా 163వ నంబరు జాతీయ రహదారి మీద, ఐదో గేరులో గంటకు 100 దగ్గర ఇప్పుడు మీ ఇంజన్ 2,290 తిరుగుతోంది. 41/10తో 2,520 అవుతుంది. 41/9తో 2,800. పాత డీజిల్‌ను గంటన్నర పాటు 2,800 దగ్గర పట్టుకుని కూర్చుంటే చెవులు హోరెత్తుతాయి, డీజిల్ కూడా ఎక్కువ తాగుతుంది. ఎప్పుడూ చేను, ఊరు, మార్కెట్ మధ్యే తిరిగే బండి అయితే నా జవాబు వేరుగా ఉండేది. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసే బండికి 80 దాటే పనే లేదు కదా.

"పాత జీపులు ఎట్ల లాగేవి!" అనే పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. లాగేవి, నిజమే. యుద్ధకాలపు విల్లీస్ జీపుకు రేషియో 4.88, తర్వాత వచ్చిన సీజే-3బీకి 5.38, అంటే 43/8. గేర్లు మూడే, పై గేరు నేరుగా ఒకటికి ఒకటి, ఓవర్‌డ్రైవు (మీ ఐదో గేరులా ఒకటి కంటే తక్కువ ఉండే గేరు) లేదు. గోడ ఎక్కమన్నా ఎక్కేవి, రోడ్డు మీద మాత్రం 70 దాటితే ఇంజన్ గోల పెట్టేది. లారీలకూ ఇదే సూత్రం: క్వారీ టిప్పర్‌కు ఒక రేషియో, దూరం లోడుకు పోయే బండికి ఇంకోటి. కరీంనగర్ గ్రానైట్ మోసేవాళ్లను అడగండి, ఈ లెక్క వాళ్లకు నోటికొచ్చు.

ఇక హౌసింగ్ విప్పే ముందు ఒక పూట ఈ పనులకు కేటాయించండి. ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు కొత్తవేనా? టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు పైపు పగిలి గాలి కక్కుతోందా? పాత బండ్లలో ఇది మహా మామూలు, సబ్బు నీళ్లు రాసి చూస్తే తెలిసిపోతుంది. పది కిలోమీటర్లు నడిపి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి కాలిపోతూ మిగతావి చల్లగా ఉంటే బ్రేకు పట్టుకుంటోంది. నాలుగో గేరులో 50 దగ్గర ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. రౌండ్లు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఈ రోగాలుంటే క్రౌన్ మార్చినా బండి బాగుపడదు. పైగా కొత్త సెట్టు మీద ఖర్చు పెట్టాక "అంత తేడా ఏం లేదే" అని మేస్త్రిని తిడతారు.

సామాను సంగతి. క్రౌన్, పినియన్ రెండూ ఫ్యాక్టరీలో జతగా ఒకదానికొకటి రుద్ది తయారుచేస్తారు, రెండింటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబర్లు కలవకపోతే, ఎంత చవకగా ఇచ్చినా, తీసుకోకండి. పాత సామాను దుకాణంలో ఒక బండి క్రౌనూ ఇంకో బండి పినియనూ కలిపి "సెట్టు" అని అమ్మేవాళ్లు ఉన్నారు. పళ్లు చూడ్డానికి నవనవలాడుతుంటాయి, నెల తిరిగేసరికి మోత మొదలవుతుంది.

ఇంకోటి మీ మేస్త్రి చెప్పాడో లేదో. పినియన్ పళ్లు తగ్గితే పినియన్ తల సన్నబడుతుంది. దాన్ని అందుకోవడానికి క్రౌన్ మరికాస్త దగ్గరికి రావాలి. అందుకే కొన్ని యాక్సిళ్లలో ఒక రేషియో దాటితే క్రౌన్ బిగించే కేజునే మార్చాలి. జీపుల్లో పేరున్న డానా 44 రకం యాక్సిల్‌కు 3.73 దాకా ఒక కేజు, 3.92 నుంచి పైకి ఇంకో కేజు. మీరు పోదామనుకుంటున్నది సరిగ్గా ఆ గీత దాటి. మీ యాక్సిల్ ఏ రకమో, 4.10 సెట్టుకు ఉన్న కేజు సరిపోతుందో లేదో, సామాను కొనే ముందే తేల్చుకోండి. కొన్నాక తేలితే దుకాణంవాడు వెనక్కి తీసుకోడు.

హౌసింగ్ ముందు భాగం నుంచి, క్రౌన్-పినియన్ బిగించి ఉన్న మొత్తం గుండు విడిగా ఊడివచ్చే రకమైతే మీ అదృష్టం. అదే కుటుంబం బండిలోంచి, మీకు కావలసిన రేషియో ఉన్న గుండును సెట్టింగ్‌తో సహా తెచ్చి బిగించేయొచ్చు. యాక్సిల్ రాడ్డు పళ్లు, ఫ్లాంజ్ బోల్టుల దూరం కలిస్తే చాలు. వెనక మూత విప్పి లోపలే సెట్టింగ్ చేయాల్సిన రకమైతే పని కష్టం, చేయి తిరిగినవాడు కావాలి.

ఆ సెట్టింగ్ గురించే కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే రేషియో మార్చాక వచ్చే తలనొప్పులన్నీ ఇక్కడివే. మేస్త్రి పక్కన నిలబడి మీరు చూడాల్సినవి మూడు.

మొదటిది పినియన్ లోతు. పినియన్ క్రౌన్ వైపు ఎంత లోపలికి ఉండాలన్నది తల వెనక వేసే సిమ్ములు (పలచటి రేకు వాషర్లు) తేలుస్తాయి. పాత పినియన్ కింద ఉన్న సిమ్మునే కొత్తదానికి వేసి బిగించేసేవాళ్లు ఉన్నారు. అది మొదటి అంచనాగా పనికొస్తుంది, అంతకు మించి నమ్మొద్దు. రెండోది పినియన్ బేరింగుల ప్రీలోడ్, అంటే వాటికి ముందే ఇచ్చే బిగువు. నడుమ ఉండే నలిగే స్లీవు ప్రతిసారీ కొత్తది వేయాలి. నట్టు బిగిస్తుంటే అది నలుగుతూ బేరింగులకు పట్టు ఇస్తుంది. కాస్త ఎక్కువ బిగిసిందని నట్టును వెనక్కి తిప్పి సరిపెట్టడం కుదరదు. నలిగింది మళ్లీ లేవదు, స్లీవు మార్చి మొదటి నుంచి రావాలి. పట్టు కొలవడానికి ఖరీదైన పరికరం లేకపోయినా ఫ్లాంజ్ చుట్టూ దారం చుట్టి స్ప్రింగ్ తక్కెడతో లాగి, ఎంత బలానికి కదులుతుందో చూసే పద్ధతి ఉంది. కొత్త బేరింగులకు ఒక కొలత, పాతవాటికి అంతకంటే తక్కువ. మీ బండి పుస్తకంలో ఉంటుంది. ఇంపాక్ట్ గన్ పెట్టి ఆ నట్టును టర్రుమని బిగించేవాడు కనిపిస్తే బండి తాళాలు తీసుకుని వచ్చేయండి.

మూడోది క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య ప్లే, అంటే పళ్ల మధ్య ఉండే సన్నటి ఖాళీ. దీనికి డయల్ గేజి కావాలి. ఈ సైజు యాక్సిళ్లకు మామూలుగా 0.13 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, ఖచ్చితమైన అంకె మళ్లీ పుస్తకంలోదే. క్రౌన్ చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. ఒక చోట 0.13, ఎదురుగా 0.25 వస్తే క్రౌన్ వంకరగా కూర్చుంది, కింద చెత్తో, లేచిన లోహపు గరుకో ఉంది. చేత్తో ఊపి "సరిపోయింది సార్" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

ఈ మూడూ అయ్యాక పళ్లకు మార్కింగ్ రంగు పూసి, క్రౌన్‌ను కాస్త బ్రేకు పట్టి రెండు వైపులా తిప్పి, ముద్ర ఎక్కడ పడిందో చూడాలి. ముద్ర పన్ను ఎత్తులో నడిమికి ఉండాలి. పన్ను కొసన పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, ఇంకాస్త లోపలికి రావాలి. వేరులో పడితే లోతెక్కువైంది, వెనక్కి పోవాలి. పొడుగులో చూస్తే, ముద్ర క్రౌన్ లోపలి అంచు వైపు మరీ జరిగితే ప్లే కాస్త పెంచాలి, బయటి అంచు వైపు జరిగితే తగ్గించాలి. ప్లే సరిచేస్తే ముద్ర కదులుతుంది, లోతు సరిచేస్తే ప్లే మారుతుంది. అందుకని రెండు మూడు సార్లు విప్పి బిగించాల్సి వస్తుంది. ఒక్కసారి బిగించి అయిపోయిందన్న మేస్త్రి ఆ ముద్ర చూడలేదని అర్థం. చివరి ముద్రకు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు మోత వస్తే మాటల యుద్ధం కంటే ఆ ఫొటో పనికొస్తుంది.

తక్కువ ఖర్చులో కానిద్దామని బేరింగులు, ఆయిల్ సీళ్లు పాతవే వేయమనకండి. సెట్టు తర్వాత అసలు ఖర్చు అక్కడే, తగ్గించకూడనిదీ అక్కడే. క్రౌన్ బోల్టులు కొత్తవి, దారాలకు లాకింగ్ మందు రాసి, టార్క్ రెంచితో బిగించాలి. ఆయిలు జీఎల్-5 రకం, చిక్కదనం 80డబ్ల్యూ-90 లేదా మీ పుస్తకంలో రాసింది. ఈ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగే రకం, మామూలు ఆయిలు వాటి మధ్య నిలవదు. అదే డబ్బాలోది గేర్‌బాక్సులో కూడా పోసేయడం మన షెడ్లలో అలవాటు. గేర్‌బాక్సుకు దాని పుస్తకంలో రాసిందే పోయించండి, ఇత్తడి రింగులున్న గేర్‌బాక్సుల్లో ప్రతి జీఎల్-5 పొసగదు.

బండి బయటికి వచ్చిన రోజే బస్తాలు వేసి ఏటూరునాగారం బయల్దేరకండి. మొదట ఇరవై కిలోమీటర్లు నెమ్మదిగా, హంటర్ రోడ్డు, కాజీపేట చుట్టూ తిప్పి, ఇంటికి తెచ్చి పూర్తిగా చల్లారనివ్వండి. అలా రెండు మూడు విడతలు. కొత్త పళ్లు మొదట్లో బాగా వేడెక్కుతాయి, బరువు వేస్తే పై పొర మాడిపోతుంది. 800 కిలోమీటర్ల దాకా లోడు వద్దు, ట్రాలీ అసలే వద్దు. ఆ తర్వాత ఆయిలు మార్చండి. అడుగున సన్నటి వెండి పొడి కనిపిస్తే మామూలే, ముక్కలు కనిపిస్తే మళ్లీ విప్పాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే ఊళ వస్తే సెట్టింగ్ ఒక వైపు తప్పింది. కాలు తీసినప్పుడు మాత్రమే వస్తే రెండో వైపు. తొక్కినా తీసినా ఒకేలా గురగుర ఉంటే బేరింగును అనుమానించండి. కదిలేటప్పుడు టక్కుమంటే ప్లే ఎక్కువైందేమో చూసే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడండి. ఇప్పుడు ఆ షాఫ్టు కూడా అదే వేగానికి 10 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఇన్నాళ్లూ దాగిన వణుకు బయటపడొచ్చు.

మీటరు సంగతి. మీ జీపులో స్పీడో కేబులు గేర్‌బాక్సు తోక నుంచి వస్తుంటే ఇప్పుడు మీటరు 80 చూపించినప్పుడు మీరు నిజానికి 83 మీద పోతున్నారు. 41/10 వేశాక 80 చూపిస్తే నిజం 76. చలానా పరంగా చూస్తే ఇదే మేలు. చక్రాల దగ్గరి సెన్సర్ నుంచి మీటరు నడిచే బండ్లలో రేషియో ప్రభావం ఉండదు, టైరు ప్రభావం ఒక్కటే ఉంటుంది.

మైలేజీ ఎంత పోతుందో అంకె చెప్పమన్నారు, చెప్పను. రౌండ్లు 10 శాతం పెరిగితే డీజిల్ 10 శాతం పెరగదు, గాలినీ బరువునూ తోసే పని అంతే ఉంది కాబట్టి. హైవే మీద కొంత తగ్గుతుంది. ఊళ్లో, ఎత్తుల మీద పెద్దగా తేడా ఉండదు, రెండో గేరు వాడకం తగ్గి కాస్త మిగిలినా మిగలొచ్చు. కానీ కొలిచేటప్పుడు మోసపోకండి. ఇప్పుడు మీటరులో 100 అంటే నిజంగా మీరు తిరిగింది 104. మార్చాక 100 అంటే 95. ఇప్పుడు మీటరు ప్రకారం 14 వస్తోందంటే అసలు 14.6. మార్చాక అసలు మైలేజీ 14కు పడిపోయినా మీటరు లెక్కలో 14.8 వస్తుంది. "క్రౌన్ మార్చాక మైలేజీ కూడా పెరిగింది బ్రో" అని రాసేవాళ్లలో చాలామంది లెక్క ఇదే. ఫోన్ జీపీఎస్‌తోనో, హైవే కిలోమీటరు రాళ్లతోనో ఒకసారి సరిచూసుకుని, ఆ గుణకంతో లెక్క వేయండి.

చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆర్‌సీలో రేషియో అనే గడి లేదు, అంతమాత్రాన ఏం కాదని నేను హామీ ఇవ్వను. ఆర్టీఓ ఆఫీసులో ఒకసారి అడగండి, ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి రసీదు పెట్టుకోండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిము రోజు మెడకు చుట్టుకుంటుంది. మీ 235 టైర్లకూ ఇదే వర్తిస్తుంది, వాటి గురించి మీరు అడగలేదు కానీ.

ఈ జవాబు చదివి తమ స్విఫ్ట్‌కో ఐ20కో చేయించాలనుకునేవాళ్లకు: అవి ముందు చక్రాల డ్రైవు బండ్లు, వెనక డిఫరెన్షియలే లేదు. ఫైనల్ డ్రైవు గేర్‌బాక్సు లోపలే ఉంటుంది, దాన్ని మార్చడమంటే గేర్‌బాక్సు మొత్తం విప్పడం. ఫోర్‌బైఫోర్ ఉన్నవాళ్లు ముందు యాక్సిల్‌కు కూడా అదే రేషియో వేయాల్సిందే. వెనక 4.10, ముందు 3.73 పెట్టి గట్టి రోడ్డు మీద ఫోర్‌బైఫోర్ వేశారంటే ముందూ వెనకా ఒకదాన్నొకటి లాక్కుని, రెండు యాక్సిళ్లకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పగులుతుంది.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తా. ముందు టైర్ల లోతు కొలుస్తా. సగం కంటే తక్కువ మిగిలి ఉంటే, ఈ ఏడాది ఇలాగే నడిపి, తర్వాత 215 వేసి, తాడ్వాయి ఎత్తు మీద మళ్లీ చూస్తా. టైర్లు కొత్తవే అయితే యాక్సిల్ రకం, కేజు సంగతి తేల్చుకుని, ఒకే నంబరున్న 41/10 సెట్టు, కొత్త బేరింగులు తెప్పించి, వానాకాలం పనులు మొదలయ్యే ముందు చేయిస్తా. నడిపేది హైవే మీదే ఎక్కువ అనుకుంటే, దొరికితే, 43/11. తీసిన పాత 41/11 సెట్టును తుక్కుకు వేయకండి. క్రౌన్‌నూ పినియన్‌నూ కలిపి వైరుతో కట్టి, గ్రీజు పూసి, ఏ వైపు ఏ సిమ్ము ఉందో చీటీ రాసి అందులోనే పెట్టండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు కంపెనీ రేషియోనే కావాలంటే అది చేతిలో ఉండాలి.